యూనివర్సిటీకీ ఆసుపత్రికీ మధ్య ఒక ఐస్ బాక్స్: నా అనుభవం

ఎంఓయూ (రెండు సంస్థల మధ్య అవగాహన ఒప్పందం) మీద సంతకాలు జరిగిన రోజు ఫోటోలో నేను లేను. ఫోన్ పట్టుకుని ఆ ఫోటో తీసింది నేనే. మా యూనివర్సిటీ సెమినార్ హాల్లో పూలబొకేలు, శాలువాలు, పేపర్ ప్లేట్లలో సమోసా, ఉస్మానియా బిస్కెట్లు. ఒక పక్క మా పెద్దలు, ఇంకో పక్క ఊరి నడుమ ఉన్న ఒక ప్రభుత్వ బోధనాసుపత్రి పెద్దలు. వెనక ఫ్లెక్సీ మీద 'ఆరోగ్య విద్య, పరిశోధనల్లో పరస్పర సహకారం' అని పెద్ద అక్షరాలు. "ఇవాళ్టి నుంచి మనది ఒకే క్యాంపస్ అనుకోండి" అని మైకులో ఒక సార్ అంటే అందరం చప్పట్లు కొట్టాం. ఆ ఒకే క్యాంపస్‌లో మా ల్యాబ్ నుంచి వాళ్ల వార్డుకి 18 కిలోమీటర్లు. మధ్యలో మెహదీపట్నం ట్రాఫిక్.

నేను బయోకెమిస్ట్రీలో ఎంఎస్సీ చేసి, ఈ ఒప్పందం కింద వచ్చిన మొదటి ప్రాజెక్టులో అసోసియేట్‌గా చేరాను. పని వినడానికి తేలికగానే ఉంటుంది. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిన ఆడవాళ్లలో చాలామందికి కాన్పు అవగానే అది తగ్గిపోతుంది. తగ్గింది కదా అని ఇంట్లో అందరూ మర్చిపోతారు. కానీ తర్వాతి ఏళ్లలో వాళ్లకి అసలు షుగర్ జబ్బు వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే చాలా ఎక్కువ. అందుకే కాన్పయిన ఆరు వారాలకి మళ్లీ పరగడుపున వచ్చి, 75 గ్రాముల గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగి, రెండు గంటలు ఆగి రక్తం ఇమ్మంటారు. చాలామంది రారు. ఎందుకు రావట్లేదు, వచ్చినవాళ్ల ఒంట్లో ఇన్సులిన్ ఎలా పనిచేస్తోంది అన్నది మా ప్రశ్న. మొదటి సగం ఆసుపత్రివాళ్లకి తెలిసిన పని, రెండో సగం మాకు తెలిసిన పని. ఇద్దరూ కలిస్తేగానీ జవాబు దొరకదు. నిజానికి ఇంతకంటే మంచి పొత్తు ఇంకేముంటుంది అనుకున్నాను.

"రెండు నెలల్లో శాంపిల్స్ మొదలుపెట్టేద్దాం" అన్నారు మా ప్రొఫెసర్ మేడమ్. మొదటి ట్యూబు నా చేతికి వచ్చేసరికి పదకొండు నెలలు పట్టింది.

ఎంఓయూ అంటే శుభలేఖ లాంటిదని నాకు అప్పుడు తెలీదు. శుభలేఖ ఎంత మందంగా ఉన్నా కాపురానికి కావాల్సిన చెంబూ తపేలా విడిగా కొనుక్కోవాల్సిందే. పది పేజీల ఆ కాగితంలో పేటెంటు వస్తే ఎవరి వాటా ఎంత అని ఉంది. పేపర్ అచ్చయితే ఎవరి పేరు ముందు అని ఉంది. తగాదా వస్తే ఏ ఊరి కోర్టుకి వెళ్లాలో కూడా ఉంది (రెండు సంస్థలూ హైదరాబాద్‌లోనే ఉన్నా ఆ ఒక్క వాక్యం మీద రెండు ఉత్తరాలు నడిచాయి). రక్తం ఎవరు మోసుకెళ్తారు, ఎక్కడ పెడతారు, సాయంత్రం ఐదు దాటాక గది తాళం ఎవరి దగ్గర ఉంటుంది అన్న సంగతి మాత్రం ఎక్కడా లేదు. వాటిని అడగడానికి నేను ఎంతమంది టేబుళ్ల ముందు నిలబడ్డానో లెక్క లేదు. "మేడమ్ లీవులో ఉన్నారు", "ఇన్‌వర్డ్ నంబర్ వేయించారా?", "ఫైలు పైకి పంపించాం." ఈ పై ఎక్కడుందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఆ ఆఫీసుకి ఉన్నది ఒకటే అంతస్తు.

తర్వాత ఎథిక్స్ కమిటీలు. మనుషుల మీద చేసే ఏ వైద్య పరిశోధనకైనా ఆ అనుమతి లేకుండా ఒక్క సూది కూడా గుచ్చకూడదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కమిటీలో 7 నుంచి 15 మంది దాకా ఉండాలి, ఛైర్‌పర్సన్ బయటి సంస్థవాళ్లు అయ్యుండాలి, డాక్టర్లు, సైంటిస్టులతో పాటు ఒక లాయరు, ఈ చదువులేవీ చదవని మామూలు మనిషి ఒకరు తప్పనిసరి. మాకు సంస్థలు రెండు, కాబట్టి కమిటీలూ రెండు. ఆసుపత్రి కమిటీ ఆఫీసులో "ముందు మీ యూనివర్సిటీ అనుమతి పత్రం జత చేయండి" అన్నారు. యూనివర్సిటీకి వస్తే "పేషెంట్లు అక్కడివాళ్లు కదా, ముందు అక్కడి అనుమతి తెండి" అన్నారు. పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు. ఇలా రెండున్నర నెలలు పోయాయి.

చివరికి దాన్ని విడగొట్టింది ప్రొఫెసర్లు కాదు, ఆసుపత్రి సెక్షన్లో టైపు కొట్టే ఒకాయన. "అవతలి కమిటీ అనుమతి వచ్చిన మీదట అమలులోకి వచ్చును అని ఒక లైను కొడితే అయిపాయె గదమ్మా, ఇదివరకు శానామందికి ఇచ్చినం" అన్నాడు. మరి మొదటి రోజే ఎందుకు చెప్పలేదండీ అంటే, "మీరు అడగలే" అన్నాడు.

రెండు కమిటీలు ఉన్నాయని నేను సణగను. రెండు సంస్థలూ కలిసి ఒకే సమీక్ష పెట్టుకునే వీలు ఆ మార్గదర్శకాల్లోనే ఉంది, ముందే అడిగి ఉంటే సరిపోయేది. పైగా ఈ ప్రాజెక్టు మొత్తంలో జరిగిన ఒక మంచి పని ఆ ఆసుపత్రి కమిటీ మీటింగులోనే జరిగింది.

అక్కడ మాట్లాడాల్సింది మా మేడమ్. నేను స్లైడ్లు మార్చడానికి మూలన కూర్చున్నాను. లాయరుగారు నష్టపరిహారం గురించి ఒక ప్రశ్న అడిగి ఊరుకున్నారు. డాక్టర్లు శాంపిల్ సైజు గురించి వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు. అప్పటిదాకా మాట్లాడని ఒక పెద్దాయన మా తెలుగు కన్సెంట్ ఫారం (పరిశోధనకి ఒప్పుకుంటూ పేషెంటు సంతకం చేసే కాగితం) చేతిలోకి తీసుకున్నారు. పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి. మామూలు మనిషి కోటాలో ఉన్నది ఆయనే. కళ్లజోడు సవరించుకుని పైకి చదివారు: "మీ యొక్క జీవ నమూనాలు అనామకీకరించబడి, భవిష్యత్ పరిశోధనల నిమిత్తము భద్రపరచబడును."

గదిలో ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. "నేను ముప్పై ఏళ్లు మనియార్డరు ఫారాలు నింపిపెట్టినోణ్ణి. ఈ ముక్క నాకే అర్థం కాలేదు. దీని మీద ఎవరన్నా వేలిముద్ర వేశారంటే, ఒప్పుకుని కాదు, అడగడానికి మొహమాటపడి వేసినట్టు" అన్నారు. తర్వాత పేజీ తిప్పి ఇంకో మాట అడిగారు. "ఆ అమ్మాయికి షుగర్ ఉన్నట్టు మీ మిషన్లో తేలిందనుకోండి. ఆమెకి ఎవరు చెప్తారు?"

మేడమ్ నా వైపు చూశారు. నేను స్లైడ్ల వైపు చూశాను. ఏ స్లైడులోనూ దానికి జవాబు లేదు. విశ్లేషణ అని ఉంది, ప్రచురణ అని ఉంది. ఆమెకి చెప్పడం అని లేదు. సవరించుకుని మళ్లీ రమ్మన్నారు.

ఆ ఫారం మేం ఒక అనువాద ఏజెన్సీకి ఇచ్చి రాయించింది. ఈసారి నేనే కూర్చున్నాను. మా అమ్మ చదివితే ఆగకుండా చదవగలగాలి, అదొక్కటే పెట్టుకున్న నియమం. 'జీవ నమూనాలు' తీసేసి 'మీ రక్తం' అని రాశాను. 'అనామకీకరించబడి' దగ్గర ఆగాను. దాని అర్థం ఏమిటి? పేరు లేకుండా చేయడం. మేం నిజంగా చేసేదేమిటి? ట్యూబు మీద నంబరు వేస్తాం. సరే అనుకుని ఇలా రాశాను: "మీ రక్తం ట్యూబు మీద మీ పేరు ఉండదు, నంబరు ఉంటుంది. ఏ నంబరు ఎవరిదో రాసిన పుస్తకం డాక్టరమ్మ దగ్గర బీరువాలో తాళం వేసి ఉంటుంది."

రాశాక మళ్లీ చదువుకుంటే వెన్ను జివ్వుమంది. పుస్తకం ఉందంటే పేరు మాసిపోనట్టే కదా. ఎవరిదో మళ్లీ కనుక్కోవచ్చు. మరి పరిశోధన ఎలా చేస్తామో రాసిన ఇంగ్లీషు ప్రోటోకాల్లో అనానిమస్ (పేరు లేనిది) అని మూడు చోట్ల రాసుకున్నాం, రెండు కమిటీల్లో ఇంతమంది ప్రొఫెసర్లు చదివారు, ఎవరికీ అనుమానం రాలేదు. అబద్ధమని తెలిసి రాసింది కాదు. ఆ మాట అందరూ రాస్తారు కాబట్టి మేమూ రాశాం. ఇంటి తెలుగులో పెట్టేసరికి దొరికిపోయింది. పైగా నిజంగానే పేరు పూర్తిగా చెరిపేస్తే, షుగర్ తేలినా ఆమెను వెతికి చెప్పలేం. పెద్దాయన అడిగిన రెండూ ఒకే ప్రశ్న అని అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. మేడమ్‌కి చెబితే ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత ఇంగ్లీషు ప్రోటోకాల్నే మార్చారు. పేరు చెరిపేశాం అనే చోట నంబరు వేశాం అని రాశారు. ఇంకో లైను కూడా చేర్చారు. షుగర్ రీడింగు ఆసుపత్రి ల్యాబులో కూడా చేస్తారు, ఆమె చేతికి ఇచ్చేది ఆ రిపోర్టే. ఈ రెండో లైను తర్వాత మమ్మల్ని ఎలా కాపాడిందో చెబుతాను.

ఉర్దూ ఫారం పెద్ద కష్టపడకుండానే అయిపోయింది. మేం అడిగిన టీచరమ్మ మొదటే "కితాబీ ఉర్దూ కావాలా, పాతబస్తీ ఉర్దూ కావాలా?" అని అడిగింది. ఆ ప్రశ్న మా ఏజెన్సీ అడిగుంటే ఎంత బాగుండేదో.

ఫారాలు పట్టుకుని ఓపీలో కూర్చున్న మొదటి వారం ఒక అత్తగారు నా ఎదురుగా కొంగు బిగించుకుని కూర్చుంది. "నా కోడలి రక్తం తీసుకపోయి ఎవలకన్న అమ్ముతరా బిడ్డా?" నవ్వులాట ప్రశ్న కాదు అది. ఖాళీ ట్యూబు తీసి చూపించాను, ఇందులో ఇంతవరకే అని. ఇంతంటే ఎంత అంది. చెంచాడు అన్నాను. "చెంచడేనా? మరి గట్ల చెప్పాలె గద, ఐదు ఎంఎల్, పది ఎంఎల్ అంటే మాకేం ఎర్క" అంది. తర్వాత రోజు నుంచి ఫారంలో కూడా చెంచా వచ్చింది.

ఇలా ఫారాలు చదివి వినిపిస్తున్నప్పుడల్లా నాకు బేగంపేట గుర్తుకొచ్చేది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన చోటు అది. ఆ పాత భవనం ఇప్పుడు ఉస్మానియా యూనివర్సిటీది. రాస్ దగ్గరున్న రోగి పేరు హుసేన్ ఖాన్. తనను కుట్టిన ఒక్కో దోమకి ఒక అణా చొప్పున రాస్ అతనికి ఇచ్చాడట. రోగి, దోమ, మైక్రోస్కోపు, మూడూ నాలుగడుగుల్లో ఉన్నాయి. రాస్‌కి 1902లో నోబెల్ వచ్చింది. హుసేన్ ఖాన్‌కి మలేరియాతో పాటు అణాలు వచ్చాయి. అతను ఏ కాగితం మీదైనా వేలిముద్ర వేసి ఉంటాడా, అతనికి ఎవరైనా ఏమైనా చెప్పి ఉంటారా అని కమిటీలోని ఆ పోస్టాఫీసు పెద్దాయన పక్కన కూర్చుని అడగాలనిపించేది.

సరే, శాంపిల్స్ మొదలయ్యాయి. వారంలో రెండు రోజులు. రక్తం తీయగానే బూడిదరంగు మూత ఉన్న ట్యూబులో పోస్తారు. అందులో సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది, రక్తంలో చక్కెర తగ్గిపోకుండా కాపాడుతుందని వేస్తారు. ఒక ట్యూబు ఆసుపత్రి ల్యాబుకి, ఇంకోటి మాకు. మా వాటా ట్యూబుల్ని థర్మాకోల్ డబ్బాలో జెల్ ప్యాకుల మధ్య పెట్టి, టేపు వేసి, ఒడిలో పెట్టుకుని ఆటో ఎక్కేదాన్ని. మెహదీపట్నం దగ్గర ఆగిపోయినప్పుడు ఆటో అన్న "ఏమున్నదక్కా అండ్ల, కేకా?" అని అడిగేవాడు. కేకే అనుకో అన్నా అనేదాన్ని.

నాలుగు వారాల ఫలితాలు వచ్చాక మేడమ్ సంతోషించారు. మనవాళ్లలో చాలామందికి కాన్పు తర్వాత చక్కగా ఉందే అన్నారు. నాకు ఎక్కడో తేడాగా అనిపించింది. ఆసుపత్రి రిపోర్టులు తెప్పించి పక్కపక్కన పెట్టాను. ఒకామెకి షుగర్ అక్కడ 146, మా దగ్గర 134. ఇంకొకామెకి 152, మా దగ్గర 139. ఇంకొకరికి 118, మా దగ్గర 110. అందరివీ మా దగ్గరే తక్కువ. ఒక్కరిది కూడా ఎక్కువ లేదు. గ్లూకోజ్ తాగిన రెండు గంటలకి 140 అనేది గీత. దానికి కింద ఉంటే బాగున్నట్టు, పైన ఉంటే జాగ్రత్త పడాల్సినట్టు. మా ఆటో ప్రయాణం ఇద్దరు ఆడవాళ్లని ఆ గీత దాటించేసింది.

మొదట మా మిషన్‌ని అనుమానించాను. కంట్రోల్స్ (ఎంత రావాలో ముందే తెలిసిన శాంపిల్స్) పెట్టి చూస్తే అది బాగానే ఉంది. చివరికి సిగ్గు వదిలేసి ఆసుపత్రి బయోకెమిస్ట్రీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ నా ఎక్సెల్ షీటు కేసి చూడనుకూడా లేదు.

"మీ డబ్బాలో ఐస్ ఉందా?"

"జెల్ ప్యాకులున్నాయి మేడమ్."

"ఎంతసేపట్లో చేరుతుంది?"

"గంటన్నర. వానొస్తే రెండు."

"రక్తం నుంచి తీసేశామని రక్తకణాలకి తెలీదు కదమ్మా. వాటికి ఆకలేస్తుంది. అవి తింటూనే ఉంటాయి."

బయట ఉంచిన రక్తంలో గంటకి 5 నుంచి 7 శాతం దాకా చక్కెర కణాలే తినేస్తాయి. ఫ్లోరైడ్ ఆపుతుంది గానీ వెంటనే కాదు, అది పట్టుకోవడానికి గంట, రెండు గంటలు పడుతుంది. ఆ లోపల తినేది తినేస్తాయి. అందుకే ట్యూబుని ఐసు ముక్కలు కలిపిన నీళ్లలో ముంచి, అరగంట లోపల సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి కణాలను వేరు చేసేయాలి.

కణం చక్కెరని విరగ్గొట్టుకునే దారిలో (గ్లైకాలిసిస్) పది మెట్లు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. ఫ్లోరైడ్ అడ్డుకునేది తొమ్మిదో మెట్టునని, పై మెట్లు కాసేపు నడుస్తూనే ఉంటాయని తెలుసు. అవే పది మెట్లు నా ఒడిలో పెట్టుకున్న డబ్బాలో నడుస్తున్నాయని మాత్రం తట్టలేదు. సిగ్నల్ దగ్గర నేను ఫోన్ చూసుకుంటున్నంతసేపూ అవి భోంచేస్తూనే ఉన్నాయి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 146 వచ్చినామెకి మా 134 వెళ్లి ఉంటే? వెళ్లలేదు. రిపోర్టు ఆసుపత్రిదే ఇవ్వాలన్న ఆ ఒక్క లైను వల్ల ఆమె చేతికి 146 వెళ్లింది. ఆ లైను రాయించింది మనియార్డరు ఫారాలు నింపిన మనిషి.

అదే రోజుల్లో మెల్‌బోర్న్‌లో పోస్ట్‌డాక్ చేస్తున్న మా సీనియర్ అక్క వీడియో కాల్లో మాట్లాడింది. వాళ్ల పార్క్‌విల్‌లో యూనివర్సిటీ ఒక పక్క, రాయల్ మెల్‌బోర్న్ హాస్పిటల్ ఇంకో పక్క, రోడ్డు దాటితే చాలు. ఆ రెండూ కలిసి నడిపే డోహర్టీ ఇన్‌స్టిట్యూట్ అక్కడే ఉంది. 2020 జనవరిలో చైనా బయట కరోనా వైరస్‌ని రోగి శాంపిల్ నుంచి మొదట పెంచింది ఆ ల్యాబులోనే. "మాకు ట్యూబు చేతిలో పట్టుకుని నడిచి వెళ్లే దూరమేనే" అంది. నేను విని ఊరుకున్నాను గానీ, ఫోన్ పెట్టేశాక తార్నాక గుర్తుకొచ్చింది. ఉస్మానియా యూనివర్సిటీ, ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ), ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్ఐ లాంటి పరిశోధన సంస్థలు అన్నీ హబ్సిగూడ దాకా ఒకే దారిలో, రెండు మూడు మెట్రో స్టేషన్ల మధ్య ఉన్నాయి. అలాంటి దారి మన ఊళ్లోనూ ఉంది. అది మా రెండు సంస్థలకీ మధ్య లేదు, అంతే.

కాబట్టి దూరాన్ని తగ్గించలేం, సెంట్రిఫ్యూజ్‌నే అక్కడికి పంపిద్దాం అనుకున్నాం. మా ల్యాబులో చిన్నది ఒకటి ఊరికే పడుంది. బియ్యం డబ్బా అంత ఉంటుంది. ఆటోలో పట్టుకుపోతే ఒక్క పూట పని. దానికి పట్టింది నాలుగు నెలలు.

యూనివర్సిటీ స్టాక్ రిజిస్టర్లో ఉన్న వస్తువు యూనివర్సిటీ గేటు దాటి ఇంకో సంస్థ గదిలో ఎలా ఉంటుంది? ఆడిట్ వాళ్లు వచ్చినప్పుడు చూపించమంటే ఏం చూపిస్తారు? పాడైతే ఎవరు బాగుచేయిస్తారు? అడిగిన గుమాస్తా తప్పేం లేదు, అవన్నీ సరైన ప్రశ్నలే. జవాబు ఉండాల్సిన కాగితంలో లేదు. పేటెంటు వాటాల గురించి ఒకటిన్నర పేజీ రాసుకున్నాం, ఒక్క పేటెంటూ రాలేదు. సెంట్రిఫ్యూజ్ గురించి ఒక్క ముక్క రాసుకోలేదు, దానికోసం ఒప్పందానికి విడిగా ఇంకో కాగితం జత చేయాల్సి వచ్చింది. మళ్లీ రెండు పక్కలా సంతకాలు. ఈసారి శాలువాలు లేవు.

అవతల గది కావాలి. పాత కేస్ షీట్లు కట్టలు కట్టి పడేసిన ఒక గది చూపించారు. కట్టల్ని ఒక గోడకి జరిపితే టేబులంత జాగా వచ్చింది. ప్లగ్ పాయింటు ఉంది గానీ అందులో స్టాఫ్ వాళ్ల టీ కెటిల్ ఉంది. కెటిల్‌తో ఒక ఒప్పందం కుదుర్చుకోవాల్సి వచ్చింది. పొద్దున తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా ప్లగ్ మాది, తర్వాత వాళ్లది. నన్నడిగితే మొత్తం సహకారంలో అన్నింటికంటే బాగా అమలైన ఎంఓయూ అదే.

మిషన్ తిప్పడం నేర్పడానికి వెళ్లినప్పుడు టెక్నీషియన్ లీవులో ఉన్నాడు. అక్కడ ఉండే ఆయమ్మ నా పక్కనే నిలబడి చూస్తోంది. ఐదు ట్యూబులున్నాయి. ఒకదానికెదురు ఒకటి పెట్టాలి, బరువు సమంగా లేకపోతే మిషన్ కొట్టుకుంటుంది. ఐదోదానికి ఎదురు ఏం పెట్టాలి? నేను ఇంకో ట్యూబులో నీళ్లు పోసి, ఎత్తు కలిపి చూసుకుని ఎదురుగా పెట్టాను. "తరాజు లెక్కనా?" అంది. అవును, తరాజు లెక్కే అన్నాను. తర్వాత వారం వెళ్లేసరికి నీళ్ల ట్యూబులు మూడు, మూడు రకాల ఎత్తుల్లో కలిపి, మూతల మీద బొట్టుబిళ్లలు అంటించి పెట్టుంది. రక్తం ట్యూబుతో కలగలిసిపోకుండా అట. మా ప్రోటోకాల్లో ఇలాంటిది ఒక్కటి కూడా రాయలేదు.

అప్పటి నుంచి మా అంకెలూ వాళ్ల అంకెలూ దగ్గరపడ్డాయి. ఒకటి రెండు పాయింట్ల తేడా ఎప్పుడూ ఉంటుంది, అది సహజం. అంతకుముందు తీసుకెళ్లిన నాలుగు వారాల శాంపిల్స్‌లో మా గ్లూకోజ్ అంకెలన్నీ పక్కన పెట్టేశాం. మేడమ్ ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేది.

ఇక మనుషులు ఎందుకు రారు అన్న సంగతి. దీనికి మేం ప్రశ్నాపత్రం తయారుచేసుకుని కూర్చున్నాం, అవగాహన లోపమా, దూరమా, ఖర్చా అని. ఓపీలో రెండు రోజులు కూర్చుంటే చాలు, అసలు సంగతి ఎవరైనా చెప్పేస్తారు. కాన్పుకి పుట్టింటికి పోతారు. మూడో నెల దాకా, కొందరు ఐదో నెల దాకా అక్కడే ఉంటారు. మేం ఆరు వారాలకి రమ్మంటున్న ఆసుపత్రి అత్తగారి ఊళ్లో ఉంటుంది. ఆరు వారాలకి ఆమె సిద్దిపేటలోనో సూర్యాపేటలోనో ఉంటుంది. వచ్చే వీలున్నవాళ్ల ఇంట్లో ఇంకో గొడవ. రాత్రి నుంచి ఏమీ తినకుండా రమ్మంటే, "పాలిచ్చే బాలింతని పస్తు పెడతారా?" అని పెద్దవాళ్లు మండిపడతారు. వాళ్లన్నదాంట్లో తప్పేముంది? రెండు గంటలు బెంచీ మీద, ఒళ్లో ఏడ్చే బిడ్డతో, ఖాళీ కడుపుతో కూర్చోవడం మాలో ఎవరమైనా చేశామా?

ఇక్కడ ఎన్ఐఎన్ వాళ్ల పని గురించి చెప్పుకోవాలి. 1987-90 మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్లలో గర్భిణులకీ చిన్నపిల్లలకీ అదనపు ఆహారం అందితే ఏమవుతుందో చూశారు. ఆ పిల్లలు పెద్దయ్యాక, ఏళ్ల తర్వాత కూడా వెనక్కి వెళ్లి వాళ్ల ఆరోగ్యం చూశారు. ఆ ఊళ్లు మెట్రో దారిలో లేవు. వీళ్లే వెళ్లారు. మేం మాత్రం ఆమెనే రమ్మంటున్నాం.

మేం చేయగలిగింది చిన్నదే. ఆరు వారాలకి బిడ్డకి పెంటావాలెంట్ (ఐదు జబ్బులకి ఒకే టీకా) మొదటి డోసు ఉంటుంది. తల్లి తన పరీక్ష ఎగ్గొడుతుంది గానీ బిడ్డ టీకా ఎగ్గొట్టదు. టీకాల నర్సమ్మతో మాట్లాడి, టీకా కార్డు మీదే తల్లి పరీక్ష తారీఖు రాయించాం. అదే రోజు, అదే వరండా. పొద్దున ఏడున్నరకే మొదలుపెట్టాం, తొమ్మిదిన్నరకల్లా అయిపోతుంది, ఆ వెంటనే తినేయొచ్చు. బెంచీ పక్కన ఒక చాప వేశాం. చాప కొన్న బిల్లు ఏ పద్దు కింద రాయాలో తేలక ఆ డబ్బు నేనే పెట్టుకున్నాను. ఒప్పందంలో చాప కూడా లేదు మరి. పుట్టింటికి వెళ్లినవాళ్ల మాట ఇంకా అలాగే ఉంది.

146 వచ్చినామె నాకు మళ్లీ కనిపించింది. రిపోర్టు వచ్చినప్పుడు డాక్టరమ్మ ఆమెకి ఫోన్ చేసి "షుగర్ ఇంకా రాలేదమ్మా, గుమ్మం దాకా వచ్చింది" అని చెప్పి, తిండి, నడక గురించి చెప్పి, ఆరు నెలలకి మళ్లీ రమ్మంది. చెప్పిన రోజుకే వచ్చింది. పక్కన ఇంకొకామె ఉంది, చంకలో పిల్లాడితో.

"మా తోటికోడలు మేడమ్. దీనికి గూడ కడుపుతోని ఉన్నప్పుడు షుగర్ అన్నరు. కాన్పయి మూడేండ్లాయె, మళ్ల ఎన్నడు చూపిచ్చుకోలే. దీనికి గూడ చేస్తరా?"

మా ప్రాజెక్టులో చేర్చుకోవడానికి కాన్పయి పన్నెండు వారాలు దాటకూడదు. మూడేళ్లంటే కుదరదు. నా దగ్గర ఆమెకి నంబరు లేదు, ఫారం లేదు, ట్యూబు లేదు. కింద అంతస్తులో షుగర్, బీపీ ఓపీ ఉంది, అక్కడ ఉచితంగా చూస్తారు, పన్నెండుకి మూసేస్తారు. టైము పదకొండు నలభై. కెటిల్ వాళ్లకి ప్లగ్ ముందే ఇచ్చేసి, ఇద్దర్నీ వెంటపెట్టుకుని మెట్లు దిగాను.